ఇతరములు

పొర్లుకట్ట తెగిన నాలుగో రోజు
మోటారు సైకిలు కట్ట మీదే వదిలి
ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని
యానాది కాలనీలోకి దిగాను,
చంకలో పాలిథిన్ సంచిలో చుట్టిన రిజిస్టరు.

ఇందుకూరుపేటకి అవతల,
సముద్రంలో కలిసే ముందు పెన్న
ఏదో మర్చిపోయినట్టు ఒకసారి వెనక్కి వంగే చోటు.
ముప్పై ఒక్క ఇళ్ళు ఉండేవి.
ఇప్పుడు పదకొండు గోడలు.

బురదకి ఒక వాసన ఉంటుంది,
చచ్చిన కోళ్ళదీ డీజిలుదీ తడిసిన వడ్లదీ కలిపి.
రెండు రోజులుంటే అది మన ఒంటి వాసనైపోతుంది.
ఇంటికెళ్ళి రుద్ది రుద్ది కడుక్కుని
అన్నం కలుపుకుంటే
వేళ్ళ సందున ఇంకా అదే.

ముందు బోరింగులో బ్లీచింగు పోశాం.
బడిలో ఒండ్రు పారలతో ఎత్తిపోశాం.
నల్లబల్ల మీద తేదీ మాత్రం చెరగలేదు,
నీళ్ళు సరిగ్గా దాని కిందికి వచ్చి ఆగినట్టున్నాయి.
ఆధార్ కార్డులు దండేనికి ఆరేశాం
బట్టల క్లిప్పులు పెట్టి.
గాలి వీస్తే కాలనీ ముఖాలన్నీ
ఒక్కసారే అటు తిరిగేవి.

నెల్లూరు నుంచి లారీ వచ్చింది.
దుప్పట్లు, కొవ్వొత్తులు, ఒంటికాలి చెప్పులు,
ఎవరిదో పెళ్ళినాటి కోటు.
చెంచయ్య ఆ కోటు కోళ్ళగంప మీద కప్పాడు.
మిగిలింది రెండే కోళ్ళు.
"దొరలైపోయినాయబ్బా" అన్నాడు వాటిని చూసి.
ఆ నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

అప్పుడు తెరిచాను రిజిస్టరు.
పక్కా ఇల్లు. పూరిల్లు. పశువులు. వలలు.
మూడు తుఫాన్లు, రెండు వరదలు
ఈ గళ్ళలోనే పట్టించినవాణ్ణి.
గేదె పోతే ఇంత, మేక పోతే ఇంత.
కుక్కకి గడి లేదు.
ఎలకల బొరియల్లోకి పొగ ఊదే కుండకి లేదు.

మానికల పోలమ్మ వంతు వచ్చింది.
"నీదేం పోయిందో చెప్పమ్మా."
ఇల్లు అంటుందనుకుని
పెన్ను అప్పటికే ఆ గడి మీద పెట్టేశాను.
"ఏరు పోయిందయ్యా."

"ఏరు యాడికి పోద్ది? అదుగో ఉంది కదా."

"అది నాకు తెలిసిన ఏరు కాదు.
యాడ మడుగో యాడ మెరకో
మాయమ్మ చెయ్యి పట్టుకుని నడిపించి చెప్పింది.
చీకట్లో కళ్ళు మూసుకుని పోయేదాన్ని పీతలకి.
ఇప్పుడు ఇసకంతా అటుది ఇటు, ఇటుది అటు.
కాలు పెట్టాలంటే బయంగా ఉండాది."

చివరి గడిలో, ఇతరములు అని ఉన్నచోట, రాశాను:
ఏరు తెలియకుండా పోయింది.
మండలాఫీసులో ఎర్రసిరా దాని మీద
అడ్డంగా ఒక గీత గీసింది.
గీసినాయన చెడ్డవాడేం కాదు,
నాకు టీ తెప్పించాడు,
ఆయన ఇంట్లోనూ నీళ్ళతొట్టి నిండా బురదే.

కొందరికి డబ్బులు పడ్డాయి.
కొందరికి వేలిముద్ర పడలేదు.

నెలన్నరకి నీళ్ళు తేరాయి.
టార్పాలిన్లు దింపడానికి వెళితే
పోలమ్మ ఏట్లో ఉంది,
చేతిలో సరుగుడు కర్ర.
ముందు అడుగు కర్రది, వెనకడుగు ఆమెది.
నన్ను చూసి అక్కణ్ణించే అరిచింది,
"ఊరికే నిలబడితే ఎట్టా? రాసుకో."

రిజిస్టరులో ఆఖరి పేజీలు మిగిలున్నాయి.
అవే గళ్ళు.
పూరిల్లు కింద రాశాను: తాటిమొద్దు దగ్గర, మోకాలు.
పశువులు కింద: పాతరేవు, నడుము.
వలలు కింద: వంపులో మెడలోతు,
ఈడికి పిల్లల్ని రానీయబాకండి.
ఆమెకి చదువు రాదు, నాకు ఈత రాదు.
ఆమె కేకేస్తే నేను రాస్తాను,
నేను చదివి వినిపిస్తే ఆమె తల ఊపుతుంది.

ఇతరములు దగ్గరికి వచ్చేసరికి
కర్ర ఆగిపోయింది.
వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి ఏదో తడిమి
కెవ్వుమని పైకి లేపింది.
వేలికి వేలాడుతూ ఒక పీత.
దాన్ని నోటికొచ్చిన తిట్లు తిడుతూ
పక్కటెముకలు కదిలేలా నవ్వుతూ
"ఇదుగో" అంది,
"దీన్ని యా గడిలో ఏస్తావో ఏసుకో."