ఒక క్రెడిట్

నోటీసు బోర్డులో జాబితా వేసినారు.
ఏదో ఒకటి ఎంచుకోవాలంట, శనివారం లోపల.
ఒక క్రెడిట్, ఇరవై గంటలు.
పాసయితే చాలు, మార్కులు మొత్తంలో కలవవు.

నాగవేణి జర్మనీ పోవాలని
ఉద్యోగ సన్నద్ధత రాసేసింది, తన పేరు కన్నా ముందే.
షంషాద్ తల్లిపాల పాఠం తీసుకునింది.
వాళ్ళక్క బిడ్డ మూడు రోజులు రొమ్ము పట్టక ఏడ్చినప్పట్నించి
దాని మనసులో ఉండాది ఆ మాట.
మానవ విలువలకి నలుగురే వచ్చినారని
ఆ క్లాసు ఎత్తేసినారు.
అందరం నవ్వినాం, కొంచెం సేపు.

నేను డయాబెటిస్ రాసినాను.
కారణం అడిగితే గొప్పదేం లేదు:
రికార్డు పల్చన, సీనియర్ది చిత్తూరు నుంచి తెప్పించుకోవచ్చు.

పాదాల ఓపీ, బుధవారం.
డోర్కాస్ మేడమ్ నా చేతిలో ఒక పుల్ల పెట్టింది,
దాని కొనకి గాలం దారం లాంటి నైలాను పోగు.
"ఆనించు. వంగేదాకా నొక్కు, తీసెయ్.
కళ్ళు మూసుకోమను. తెలిస్తే ఊ అనమను.
పది చోట్లు. కాయ కట్టిన చోట, పుండు మీద వద్దు."
అంతే పాఠం. మిగతా గంటలన్నీ
ఆ దారం చుట్టూ చుట్టినవే.

చెంగల్రాయులు, యాభై ఎనిమిది, బంగారుపాళెం,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొట్టి కాడ పని.
నిన్న అలిపిరి నుంచి ఎక్కినాడు.
గుండు మీద గంధం ఇంకా రాలలేదు.
సత్రంలో దుప్పటి మీద మరక చూసి
కూతురు లాక్కోనొచ్చింది.

కుడి అరికాలి నడిమధ్య
రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ, అంచులు తెల్లగా.
మెట్టు మెట్టుకీ పసుపు రాసి కర్పూరం వెలిగించుకుంటా
ముందర ఎవరో పోయుంటారు.
ఆ వెలుగు మీద ఈయన అడుగేసుంటాడు.

"పోయినేడు మోకాలి మెట్టు కాడ ఏడ్చినా మా, నొప్పికి.
ఈ తూరి అన్ని మెట్లూ
పూల మీద నడిచినట్టే.
స్వామి ఎత్తుకోని పోయినాడు నన్ను."

దారం ఆనించినాను.
బొటనవేలు. వంగింది.
ఊ అనలేదు.
మడమ. వంగింది.
బయట ఎవరో టోకెన్ నంబరు పిలుస్తాండారు.
చిటికెనవేలి మొదలు. వంగింది.
దాగుడుమూతల్లో దొంగైన పిల్లోడి మాదిరి
కళ్ళు గట్టిగా మూసుకోని
"పెట్టు మా, ఎప్పుడు పెడతావు?" అన్నాడు.

అప్పటికి ఏడోది పెట్టి తీసినాను.

ఏం చెప్పేది?
నిన్ను ఎత్తుకున్నది చక్కెర అనా?
నరాలు ఒక్కొక్కటే నీకు చెప్పకుండా
ఇల్లు ఖాళీ చేసి పోయినాయనా?
సిలబస్ మనసులోనే తిరగేసినాను.
ఇన్సులిన్ ఉండాది, గోళ్ళు ఎట్లా కత్తిరించాలో ఉండాది,
చెప్పుల కొలత ఉండాది.
ఇది ఆ ఎత్తేసిన క్లాసులో ఉన్నిందేమో.

"పెట్టేసినా పెద్దాయనా, పది చోట్లా."

కళ్ళు తెరిచి దారాన్ని చూసినాడు.
తన కాలిని చూసినాడు, అది వేరేవాళ్ళదైనట్టు.
చాలాసేపటికి అడిగినాడు:
"మళ్ళా నొప్పి వస్తాదా మా?
పోయినేడు మాదిరి?"

కూతురు గోడ దిక్కు తిరుక్కునింది.
నేను కట్టు కట్టినాను. వేళ్ళ సందులు తుడిచినాను.
రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోమన్నాను.
"మొహం చూసుకునే అద్దంలోనా?" అన్నాడు. అవునన్నాను.

రికార్డులో రెండు పాదాల బొమ్మలు వేసి
పది సున్నాల్లోనూ మైనస్ పెట్టినాను.
కింద ఖాళీలో ఆయన అడిగిన మాట రాసినాను.
మేడమ్ ఎర్ర పెన్ను ఎత్తింది,
కాసేపు అట్లే పట్టుకోని ఉన్నింది,
మూత పెట్టేసి నీలం పెన్నుతో సంతకం చేసింది.

రాత్రి హాస్టల్లో
నాగవేణి జర్మన్ అంకెలు వల్లె వేస్తాంటే
షంషాద్ చేతికి దారమిచ్చి, కళ్ళు మూసుకోని
కాలు చాపినాను.
ఊ.
ఊ.
ఊ.
పది అయిపోయినా అది ఆపలేదు.
నేనూ కాలు వెనక్కి తీసుకోలేదు.