గుడ్డ మీది సముద్రం

నరసాపురంలో మాకు రెండు సముద్రాలుండేవి.
ఒకటి పేరుపాలెంలో, బస్సెక్కితే వచ్చేది.
రెండోది జ్ఞానప్రకాశం గారి స్టూడియోలో,
కర్టెన్ లాగితే వచ్చేది.

రెండోదానికే అలలు సమంగా ఉండేవి.
మూడు కెరటాలు, ఒక తెల్లపడవ,
కుడి మూల ఒక కొబ్బరిచెట్టు.
గెల ఎటు వేలాడుతుందో తెలియని
పెయింటరెవరో వేశాడు,
కాయలన్నీ పైకి చూస్తుండేవి.
"అవతల ఒడ్డున కోనసీమ పెట్టుకుని
ఇదేం చెట్టండీ" అనేవాడు మా నాన్న, ప్రతిసారీ.
"ఫొటోలో కాయలు పడవులెండి" అనేవారాయన, ప్రతిసారీ.
కాయలే ముందు పడేవి.

అమ్మ లేసు అల్లేది.
ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని,
చెమట అంటకుండా వేళ్ళకి పౌడరు రాసుకుని.
పువ్వుకి ఇంతని డబ్బులు.
అవన్నీ దొరల దేశంలో ఏదో సముద్రపు ఊరికి
టీకప్పుల కింద వేసుకోడానికి వెళ్తాయని
ఏజెంటు పేర్రాజు చెప్పాడు.
"అక్కడా పిల్లలు ఇసకలో ఆడతారా?"
"స్వెట్టర్లేసుకుని ఆడతారంట."
స్వెట్టరేసుకుని సముద్రానికెళ్ళే పిల్ల
చాన్నాళ్ళు నా కలలోకొచ్చింది.
దానిదీ నా వయసే.
ముక్కు కారుతుండేది.

పేరుపాలెం ఏడాదికొక్కసారి,
లేసు లెక్క తేలిన ఆదివారం.
మొగల్తూరు దాటాక
ఉప్పువాసన ముందెవరు పట్టుకుంటే
వాళ్ళకి కిటికీ.
తమ్ముడు అబద్ధమాడేవాడు,
ఎవరిదో చేపలబుట్ట వాసన పీల్చి.
సరుగుడు తోట, చెప్పులు చేతిలోకి,
కాలే ఇసక మీద పరుగు.
పరుగు ఆగిన చోట
అమ్మ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేది.
మా అమ్మకి మోకాళ్ళున్నాయని
ఏడాదికొకసారే తెలిసేది.

వంగి నీళ్ళలో చేతులు పెట్టేది.
సూది గుచ్చుకున్న చోటల్లా మండేది.
"సముద్రం కూడా పువ్వులు లెక్కపెడతంది" అనేది
నవ్వుతూనే.

పులిహోరలో ఇసక. సేమ్యా ఐసులో ఇసక.
బట్టలు మార్చుకోడానికి తాటాకు దడి,
మనిషికి పావలా.
గుమ్మం దగ్గర నూకాలు ముసల్ది
"సముద్రం ఊరికే, సిగ్గుకే డబ్బులు" అని కేకేసేది.
ఆఖరి బస్సు ఐదున్నరకి.
ఐదుంపావుకి నాన్న పిలిచేవాడు.
ఆ పావుగంటే సముద్రం బాగుండేది.

ఫొటో మాత్రం అక్కడ దిగలేదు, ఎప్పుడూ.
ఉప్పుగాలికి కెమెరా పాడవుద్దని
జ్ఞానప్రకాశం గారు రానన్నారు.
మర్నాడు నూనె పెట్టి తలలు దువ్వుకుని
గుడ్డ ముందు నిలబడి,
నిన్నటి సముద్రాన్ని
ఇప్పుడే చూసినట్టు నవ్వేవాళ్ళం.

నాకు యాభై మూడు.
ఊరు దాటలేదు. రేవు దారిలో జిరాక్సు షాపు.
పోయినేడు తమ్ముడూ నేనూ పేరుపాలెం వెళ్ళాం.
రిసార్టు కట్టారు, సముద్రానికి ఇవతల నీలం కొలను.
పిల్లలంతా అందులోనే.
దడి ఎక్కడుండేదో చూపిద్దామని
"ఇక్కడ" అన్నాడు వాడు.
"కాదు, అక్కడ" అన్నాను.
ఇద్దరం చూపించింది నీళ్ళనే.

స్టూడియో ఎత్తేసిన రోజు
జ్ఞానప్రకాశం గారబ్బాయి ఆ తెర తెచ్చి
"వానకి మిషను మీద కప్పుకోండి" అన్నాడు.
మడతల్లో రంగు రాలింది. పడవ సగమే.
కాయలు మాత్రం ఇంకా పైకే చూస్తున్నాయి.

షట్టరు దించేముందు ఒక్కోరాత్రి
దాని కొస ముక్కు దగ్గర పెట్టుకుంటాను.
కిరసనాయిలు. ఎలకలు. పాత బట్ట.
తమ్ముడికి ఫోను చేసి
ఉప్పువాసనొచ్చింది రా, అంటాను.

"అబద్ధం" అంటాడు.
కాసేపాగి,
"సర్లే, కిటికీ నీదే."