గోకాలా, పూయాలా

మార్చింది ఒక్క వరుస.
ఉత్త 'మేక్' కొడితే పదకొండు నిమిషాలు,
ముందు 'క్లీన్' అంటే తెల్లారిపోతుంది.
కంచరపాలెంలో కరెంటు ఏ రాత్రీ
తెల్లారేదాకా ఉంటానని మాటివ్వలేదు.

పదకొండు నిమిషాలకే మొగ్గాను.
కెర్నెల్ లేచింది, రెండడుగులేసి కూలబడింది.
స్విచ్చి ఆపి, లేపి, ఇంకో అక్షరం దిద్ది
మళ్లీ కొట్టాను.
'చెయ్యడానికేమీ లేదు' అంది యంత్రం,
పని ఎగ్గొట్టే గుమస్తా గొంతుతో.

అప్పుడు చూశాను గడియారం.
ఉప్పుగాలికి బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చిలుమెక్కి
కాలం ఆరేళ్లు వెనక్కి జారింది.
ఇప్పుడే నేను రాసిన వరుస
ఇందాకటి ఆబ్జెక్టు ఫైలుకంటే పాతదట!

కింద మెట్ల మీద బీడీ కాలుస్తూ గురువులు,
షిప్‌యార్డులో ముప్ఫయ్యేళ్లు ఓడల అడుగు గోకినవాడు,
అంతా విని, సగమే అర్థమై, అన్నాడు:
"తొందరైతే పైపైన పూసీ, తప్పునేదు.
అనుమానం తగిల్తే మాత్రం
ఇనుము కనపడీదాకా గోకు.
గోక్కండా పూసీసి సముద్రాన్ని తిట్టకు."

ప్రతిసారీ గోకమనలేదు.
అదీ గుర్తు పెట్టుకున్నాను.

గడియారం సరిచేసి 'క్లీన్' కొట్టాను.
వేల ఫైళ్లు చప్పుడు లేకుండా పోయాయి.
నేను ఏరుకున్న కాన్ఫిగ్ మాత్రం మిగిలింది,
ఎంత గోకినా ఓడ ఆకారం పోనట్టు.

మూడుంబావు.
ఫ్యాను రొద. హార్బరు వైపు ఏదో కూత.
ఇప్పుడిప్పుడే డ్రైవర్ల దాకా వచ్చింది.
కరెంటూ,
ఇంకాస్సేపు.