చివరి మడి

కంట్లో ఒత్తిడి మామూలే అంది డాక్టర్ ముగికుర.
అయినా నరం ఎండిపోతోందట.
తెర మీద బొమ్మ చూపించింది:
నారింజ రంగు చందమామ, దాని అంచున
ఎలక కొరికినంత గాటు.
"పైన నీళ్ళున్నాయి, కిందికి అందడం లేదు"
అని ఆమె అనలేదు. నేననుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు సాదో దీవిలో
మెట్ల మడులకు నీళ్ళు వదిలినవాణ్ణి.
చెరువు నిండుగా ఉన్నా
చివరి మడి నోరు తెరుచుకుని ఉండడం
నాకు కొత్త కాదు.

చీకటి గదిలో, చుక్కలు చూపించే యంత్రం.
గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి,
చుక్క మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి.
మెరవనప్పుడు కూడా నొక్కాను కొన్నిసార్లు,
ఖాళీగా కూర్చోవడం సిగ్గనిపించి.
యంత్రం అదీ రాసుకుంది.
కాగితం మీద ఎడమ పైమూలన మసి.
అటువైపు నుంచే కదా మొన్న
సైకిలు పిల్లాడు ఊడిపడ్డాడు.

రెండు సీసాలిచ్చింది.
ఒకటి, ఉన్న ఒత్తిడిని ఇంకా దించడానికి.
రెండోది నరానికి నెత్తురు పారిస్తుందని అంటారు.
ఆ "అంటారు"ని ఆమె
నిండు గిన్నె దించినట్టు మెల్లగా దించింది.
పోయింది రాదు. ఉన్నది ఉంటే చాలు.
నీగాతా నుంచి ఓడలో వస్తున్నంతసేపూ
జేబు మీంచి చెయ్యి తీయలేదు.

నా చెయ్యి వణుకుతుంది.
మొదటి చుక్క చెంపకి, రెండోది చెవిలోకి.
అందుకని కినుయె వస్తుంది,
పొద్దున ఏడుకీ, రాత్రి ఏడుకీ.
బూట్లు గుమ్మం దగ్గర విడిచి, చేతులు కడుక్కుని,
"పైకి చూడు. రెప్ప వెయ్యకు."

ఆమెదే చివరి మడి.
కరువొచ్చిన ఆ ఏడు, ఆమె వంతు రాత్రి
గంట ముందే తూము దించేశాను.
పై మడి మా అన్నది.
ఆమె చూసిందో లేదో
నేనడగలేదు, తను చెప్పలేదు.
ఆ ఏడు ఆమె వరి మోకాలెత్తు కూడా రాలేదు.

చుక్క పడుతుంది. ముందు చల్లన, తర్వాత మంట.
ముక్కు పక్క కంటి మూలని వేలితో నొక్కిపడుతుంది,
లేకపోతే మందు గొంతులోకి జారిపోతుందట.
గట్టులో ఎండ్రకాయ బొక్కకి
బొటనవేలు అడ్డం పెట్టినట్టు.
రెండు నిమిషాలు, గడియారం చూసి మరీ.
ఐదు నిమిషాలాగి రెండో సీసా.
ఒక్క నిమిషం తగ్గించదు.

ఒకరోజు, వేలు కంటి మూల మీదుండగానే
"ఆ రాత్రి తూము..." అన్నాను.
"మాట్లాడకు, కారిపోతుంది" అంది.

ఏడాదికి కొత్త కాగితం వచ్చింది.
మసి ఉన్నచోటే ఉంది,
ఒక్క గడి కిందికి దిగలేదు.
మందు వల్లో, ఆ వేలి వల్లో, ఊరికేనో
చెప్పలేనంది డాక్టరు.
కినుయె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
"ఏమీ మారలేదుగా" అంది, బూట్లు తొడుక్కుంటూ.
అంత మంచి మాట
ఈ మధ్య ఎవరూ చెప్పలేదు నాకు.

ఏడు కావస్తోంది.
చొక్కా మెడ గుండీ విప్పి
తల వెనక్కి వాల్చి కూర్చున్నాను,
వంతు కోసం.