పదకొండు సెకన్లు

ఆ సినిమాలో ఆమె ఉన్నది పదకొండు సెకన్లు.
నేను లెక్కపెట్టాను, చాలాసార్లు.
కుడివైపు నుంచి వస్తుంది
ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళతో,
కథానాయకుడి తల్లికి ఇచ్చి గుమ్మం దాటి వెళ్ళిపోతుంది.
మాట లేదు. పేర్లలో పేరు లేదు.

ఆ పదకొండు సెకన్ల మీద
తొంభై పేజీల స్క్రిప్టు రాసుకున్నాను
అల్లిపురంలో, ఫ్యాను తిరగని గదిలో.
హిమజ అని పేరు పెట్టాను,
ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరగడానికి
పొడుగాటి మెడ కూడా రాశాను.
లాసన్స్ బే దగ్గర మేడ కట్టించాను.
ఓడల్లో పనిచేసే ప్రేమికుడినిచ్చి
హార్బర్లో సైరన్ మోగినప్పుడల్లా
కిటికీ దగ్గర నిలబెట్టాను.
మద్రాసు రైలెక్కించి, మనసొప్పక
తునిలో దించేశాను.
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్య
తెల్లచీర కట్టించి పొద్దు వాలేదాకా నడిపించాను,
అంచుకి మట్టి అంటితే బాగుంటుందని.
ఇన్ని చేసి
ఏ సీన్లోనూ ఒక్క ముద్ద అన్నం పెట్టలేదు.
అది తర్వాత గమనించాను.

పూర్ణా మార్కెట్లో ఒక ముసలి టైలరు ఆనవాలు చెప్పాడు.
కంచరపాలెం, రైలు పట్టాలకి ఇవతల.
నూకరత్నం. డెబ్బై రెండేళ్ళు.
మెట్ల మీద కూర్చుని నెత్తళ్ళు బాగుచేస్తోంది,
పిల్లి ఒకటి పద్ధతిగా ఎదురుచూస్తోంది.
ఫోన్లో ఆ ముక్క చూపించాను.
చేతులు తుడుచుకోకుండానే తొంగిచూసి
"ఆ జాకిట్టు నాది కాదు. బిగుతు" అంది.

నేను మొదలెట్టాను: ఆ నడక, ఆ భుజం,
నిండు గ్లాసు, ఒక్క చుక్క తొణకలేదు,
ఎలా పట్టుకున్నారమ్మా?

"నీళ్ళేటి బాబూ?
కాళీ గ్లాసది. ఆ రోజు టేంకరు రానేదు.
ఉన్నట్టే నడూ అన్నారు డైరెట్రు గోరు.
నడిసీసేను."

పళ్ళెం పక్కకి జరిపి
మోకాలు పట్టుకుని లేచింది.
ఏమీ లేని చేతిని కాస్త ముందుకి పెట్టి
గుమ్మం దాకా నడిచింది.
పిల్లి తప్పుకుంది,
ఎక్కడ తొణుకుతుందోనని.

వెనక ఇనుప రాయి మోసుకుంటూ గూడ్సు పోతోంది.
చిన్నప్పటి అలవాటు, పెట్టెలు లెక్కపెట్టడం.
ఇవాళ మర్చిపోయాను.
కెమెరా సంచిలోనే ఉంది.
నాకు దాహమేసింది,
అడగడానికి సిగ్గేసింది.