అడ్డం ఏడు

చండూరు. ఆదివారం పేపరు
ఈదయ్య కుట్టుమిషన్ మీద.
ఆయన వేళ్ళు పెన్నుకు వంగవు,
చెప్తడు, నేను నింపుత.
రబ్బరు లేదు, తప్పు రాస్తే తప్పే.

"తీగ తిరగబడి మెడెక్కింది, రెండు గళ్ళు."
లత అనుకుంటుండంగనే
దారం కొరికి "తల" అన్నడు.

"అడ్డం ఏడు: పాత ఏడుపున్న ఊరు, నాలుగు."
నల్లగొండ పడ్తది.
ఏడుపేది అండ్ల?

కత్తెర ఆగింది.
"మును అంటె మునుపు.
గోడు నీకు నేను జెప్పాల్నా?"
మునుగోడు. సరిగ్గ కూసుంది.
ఆయన పుట్టింది ఆడనే.

రెండో అక్షరం నుంచి కిందికి: "తోడుకునేది."
"నుయ్యి రాయి.
మేం బాయి అంటం గని గడి ఒప్పుకోదు."
వంగని మోకాలు చాపి నవ్విండు.
"తాగినోళ్ళకు రెండూ ఒకటే."