ఎక్కడ ఆడుతోంది

రామభద్రపురం సంత దాటాక
రోడ్డు తిన్నగానే ఉంటుంది.
నా బండే ఉండదు.
పదిహేడేళ్ళ పికప్పు.
వంకాయ బస్తాలు ఎక్కితే ఎడమకి,
దిగితే మళ్ళీ ఎడమకే.
స్టీరింగు నాలుగు వేళ్ళ మేర తిప్పితే గానీ
చక్రాలకి కబురందదు.
అందాక, చెప్పినదానికి మించి అందుతుంది.

గజపతినగరం వంతెన మీద ఒక రాత్రి
ఎదురుగా లారీ లైట్లు,
నా చేతుల్లో ఎవరిదో బండి.
పక్క సీట్లో సన్యాసమ్మ ఒక్క మాట అనలేదు.
టమాటా లెక్క రాసుకునే పుస్తకం మూసి
డాష్‌బోర్డు పట్టుకుంది, అంతే.
ఆ పట్టుకోవడం
వారం రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

టైర్లు మార్చాను.
విజయనగరంలో అలైన్‌మెంటు చేయించాను,
కంప్యూటరు అంతా పచ్చగా చూపించింది.
బొబ్బిలి కుర్రాడు టై రాడ్డు చివర్లు రెండూ కొత్తవి వేసి
"ఇంక ఎన్నపూసలాగ ఎల్లిపోద్ది" అన్నాడు.
వెళ్ళింది. ఎడమకి.

ఆఖరికి అసిరయ్య మేస్త్రి షెడ్డు.
షెడ్డంటే నాలుగు తాటి దుంగలు, రెండు రేకులు,
గ్రీజు తాగి తాగి నల్లబడ్డ నేల.
సాలూరు లారీల కింద నలభై ఏళ్ళు పడుకుని లేచిన మనిషి.
ఒక కంట్లో శుక్లం. రెండోదాన్ని నమ్మడు.
బిల్లులు చూపించబోయాను.
"మడతెట్టి జేబులో ఎట్టుకో.
ఏటి మార్సినావో నాకొద్దు, ఏటవతందో సెప్పు."
సగం చెప్పేసరికే గోనెపట్టా మీద వెల్లకిలా
బండి కిందకి దూరిపోయాడు.

జాకీ తేబోతే తిట్టాడు.
"గాల్లో ఏలాడే సక్రం అబద్దాలాడతాది.
బరువు మీదుండనీ.
పాపని ఎక్కి స్టీరింగు అటూ ఇటూ ఆడించమను,
జానెడంటే జానెడే. నువ్వు నా పక్కకి రా."

పాప అంటే సన్యాసమ్మ, నలభై ఆరేళ్ళు.
పైన తను తిప్పుతోంది.
కింద అతను నా వేళ్ళు పట్టుకుని
ఒక్కో కీలు మీదా పెట్టించాడు,
దొంగచూపుల పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు.
"కదుల్తోంది మేస్త్రీ."
"కదలాల. అది దాని పని.
ఇది కదిలినప్పుడే పక్కదీ కదలాల.
మద్దిన ఏది కునుకు తీత్తే అదే దొంగ."
పిట్‌మన్ ఆర్ము కునుకు తియ్యలేదు.
డ్రాగ్ లింకు తియ్యలేదు.
బొబ్బిలి కుర్రాడివి కొత్తవి, మెలకువగానే ఉన్నాయి.
నా కంట్లో మట్టి రాలింది.
"ఇంకోపాలి, పాపా. నెమ్మదిగా."

అప్పుడు నా చెయ్యి తీసి స్టీరింగు బాక్సు మీద పెట్టాడు.
"ఇది మాత్రం కదలకూడదు."
కదిలింది.
నూలుపోగంత. ముందు తను ఒరిగి,
తర్వాత చక్రాన్ని తిప్పుతోంది.

వైరు బ్రష్షుతో మట్టి గీకితే
బోల్టు కన్నం నుంచి ఛాసిస్ మీద పగులు,
తల వెంట్రుక అంటుకున్నట్టు.
బాడంగి రోడ్డు గొయ్యి గుర్తొచ్చింది.
ఆ రోజు పన్నెండు బస్తాలు ఎక్కువేశాను.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బ్యాటరీ తీగ విప్పాడు.
వెల్డింగుకి ముందు, పగులు ఎక్కడ ఆగిందో వెతికి
అక్కడ చిన్న కన్నం వేశాడు.
"ఉన్న పగులు చాలదా? కన్నం దేనికి?"
"ఇక్కడితో ఆగమని."
పైన పట్టీ అతికి, కొత్త బోల్టులు బిగించి,
గొట్టం తొడిగిన పానాతో ఒంటి బరువంతా వేసి మళ్ళీ బిగించి,
ఎనిమిదొందలు తీసుకున్నాడు.
వంద తిరిగిచ్చి సన్యాసమ్మకి, "సెయ్యి తిన్ననిది" అన్నాడు.

తెల్లారి అదే వంతెన.
తను లెక్క రాసుకుంటోంది, గీతలు వంకర పోకుండా.
బండి మాత్రం కుడివైపు గట్టుకి జరుగుతోంది.
ఆపి, దిగి, టైర్లు తన్ని చూశాను. ఏమీ లేదు.
ఏడాదిగా ఎడమని లాగి లాగి
నా చేతులే కుడికి పోతున్నాయి.

తను పుస్తకంలోంచి తలెత్తకుండానే,
"ఇప్పుడు నువ్వు ఆడతన్నావు" అంది.